సేమ్యాతో ఖావ్ స్వే

మొన్న అత్తమ్మ పుట్టినరోజుకి మా అమ్మాయి అందరినీ పెద్ద హోటల్‌కి తీసుకెళ్లింది. పుట్టినరోజంటే ఆధార్ కార్డు మీదున్న తేదీ. అసలు తేదీ ఆవిడకీ తెలీదు. పుట్టింది 1951లో, రంగూన్‌లో. అంతవరకే ఖాయం.

ఆ హోటల్ కార్డులో 'బర్మీస్ ఖావ్ స్వే' అని కనిపించేసరికి మా పాప సంబరం చూడాలి. "నానమ్మా, మీ ఊరి వంట!" అంటూ అందరికీ అదే చెప్పేసింది. పెద్ద పెద్ద గిన్నెల్లో పసుపుపచ్చటి కొబ్బరిపాల పులుసు, అందులో నూడుల్స్, పైన వేయించిన వెల్లుల్లి, ఉల్లికాడలు, నిమ్మచెక్క. చూడ్డానికి ఎంతో బాగుంది. అత్తమ్మ రెండు చెంచాలు తిని గిన్నెలోకి వెతుకుతున్నట్టు చూసి, "బాగానే ఉంది గానీ, సేమ్యా ఏదీ?" అంది.

మా పాప నవ్వేసింది. ఫోన్ తీసి, "నానమ్మా, అసలు ఖావ్ స్వేలో సేమ్యా ఉండదు. నూడుల్సే. మనింట్లో చేసేదే తప్పు" అంది. వెక్కిరింతగా అనలేదు, చదువుకున్న పిల్ల కదా, తెలిసింది చెప్పింది. అత్తమ్మ మాత్రం ఇంకేమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ ఇంటికి కోడలుగా వచ్చి ఇరవై ఏడేళ్లు. ఆవిడ దగ్గరే ఈ వంట నేర్చుకున్నాను. నెలకోసారైనా చేస్తాను. చుట్టాలొస్తే మాత్రం చెయ్యం. ఎవరైనా వాసన పట్టి అడిగితే అత్తమ్మ "ఏదో సేమ్యా కూరమ్మా" అని దాటేసేది. ఎందుకలా అంటుందని గానీ, నూడుల్స్ ఉండాల్సిన చోట సేమ్యా ఎలా వచ్చిందని గానీ ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా అడగలేదు. పోపు ఎప్పుడు వెయ్యాలో అడిగాను, కారం ఎంతో అడిగాను. ఆ వంట ఏ దారిన ఈ ఇంటికి వచ్చిందో మాత్రం అడగలేదు.

ఈ నెల రోజులూ అడిగాను. దొరికిన పుస్తకాలు కూడా తిరగేశాను. ఆవిడ చెప్పిందీ, నేను చదివిందీ కలిపి ఇక్కడ రాసి పెడుతున్నాను. రేపు మా పాపకి కావాలి.

మనలో చాలామందికి బర్మా అంటే బర్మా టేకు. తాతల నాటి తలుపులూ మంచాలూ చూపించి "ఇది బర్మా టేకు" అని గొప్పగా చెప్పుకుంటాం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి జిల్లాల్లో మాత్రం బర్మా అంటే టేకు కాదు, 'రంగం'. రంగూన్‌ని మన పెద్దవాళ్లు రంగం అనేవారు. "ఫలానా వాళ్ల తాత రంగం వెళ్లాడు" అన్న మాట ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇప్పటికీ వినబడుతుంది. ఇవాళ దుబాయ్ అన్నట్టు ఆ రోజుల్లో రంగం అన్నమాట.

ఇంగ్లీషువాళ్లు 1824 నుంచి 1885 వరకు మూడు యుద్ధాలు చేసి బర్మాను ముక్కలు ముక్కలుగా కలుపుకున్నారు. రంగూన్ వాళ్ల చేతికి వచ్చింది 1852లో. ఐరావతి నది సముద్రంలో కలిసే చోట అడవి నరికి వరి వేయించారు. 1869లో సూయెజ్ కాలవ తెరుచుకున్నాక బర్మా బియ్యానికి ఐరోపా దారి దగ్గరైంది. కోతకు మనుషులు కావాలి, బియ్యం మిల్లుల్లో మనుషులు కావాలి, ఓడల్లోకి బస్తాలు ఎత్తడానికి మనుషులు కావాలి. మన తీరంలో మనుషులున్నారు, పని లేదు. ఒక తుపానొస్తే పంట పోయేది, ఒక ఏడాది వాన తప్పితే కరువు వచ్చేది. మేస్త్రీలు ఊళ్లోకి వచ్చి ముందుగా కొంత డబ్బిచ్చి జనాన్ని కట్టుకుని పోయేవారు. ఆ అప్పు తీరేదాకా కూలి మేస్త్రీ చేతిలోనే ఉండేది.

కాకినాడ, విశాఖపట్నం, భీముని పట్నం, కళింగపట్నం రేవుల నుంచి పొగ ఓడలు వెళ్లేవి. అంతకు ముందు కాలంలో కాకినాడ పక్కనున్న కోరంగి పెద్ద రేవు. 1839 తుపానులో అది దెబ్బతినిపోయింది, ఓడలు కాకినాడకు మళ్లాయి. కానీ పేరు మాత్రం మిగిలింది. బర్మాలో తెలుగువాళ్లను 'కోరంగీలు' అనేవారు. మనం ఇవాళ మడ అడవులు చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్లే కోరంగి, ఒకప్పుడు సముద్రం అవతల మన జాతి మొత్తానికి పేరు.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. అందులో తెలుగువాళ్లు లక్షన్నరకు పైగా. రంగూన్ నగరంలో నాలుగు లక్షల మంది ఉంటే సగానికి పైగా మన దేశం వాళ్లే. రేవులో బస్తాలు మోసేవాళ్లు, మిల్లుల్లో పనిచేసేవాళ్లు, రిక్షాలు లాగేవాళ్లు ఎక్కువగా తెలుగువాళ్లు. ఆడవాళ్లు చాలా తక్కువ. మగవాళ్లు ఒక్కో గదిలో పదిమంది, ఇరవైమంది సర్దుకుని పడుకునేవారు. పగటి పనివాళ్లు లేచి వెళ్తే రాత్రి పనివాళ్లు అదే చాప మీద నడుం వాల్చేవారు.

ఈ లెక్క చదివినప్పుడు నాకు ముందు వచ్చిన ఆలోచన, మరి వీళ్లకి వండిపెట్టిందెవరు అని. ఇల్లాలి బుర్ర కదా. గదిలో వంతులేసుకుని అన్నం, పప్పుచారు కాచుకునేవారు. లేకపోతే వీధిలో కొనుక్కునేవారు. మన దోసె బర్మా వీధుల్లో 'తోషే' అయింది. సమోసా 'సమూసా' అయింది, పరాఠా 'పలాటా' అయింది. ఇప్పటికీ అక్కడ అవే పేర్లు. కూలీలు పోయినా వాళ్ల తిండి పేర్లు ఆ దేశంలో ఉండిపోయాయి.

మా అత్తమ్మ వాళ్ల నాన్నగారిది భీమిలి దగ్గర పల్లె. 1938లో పదహారేళ్ల వయసులో మేస్త్రీ వెంట రంగం వెళ్లారు. బియ్యం మిల్లులో పని. ఆయన వెళ్లేనాటికే అక్కడ గాలి మారిపోయింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వాళ్ల బదులు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె తేలాక మనవాళ్లను వెనక్కి తీసుకుని బర్మా వాళ్లను పొమ్మన్నారు. ఆ రోజు మొదలైన గొడవలో వందమందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువమంది తెలుగువాళ్లే. కంపెనీ దొర ఒక్కడికీ గీరుకోలేదు. ఇద్దరు పేదవాళ్లకి ఒక్క ముద్ద చూపించి కొట్టుకోమన్నట్టు.

అప్పట్నుంచీ వీధిలో 'కలా' అన్న మాట గట్టిగా వినబడేదట. పడమటి నుంచి వచ్చిన పరాయివాడని దాని అర్థం. రాను రాను మనవాళ్లకు అది తిట్టు అయింది. చిన్నప్పుడు బడికి వెళ్తుంటే పిల్లలు వెనకనుంచి 'కలా, కలా' అని అరిచేవారని అత్తమ్మ చెప్పింది. చెబుతూనే నవ్వింది. "శనగల్ని ఏటంటారో తెలుసా బర్మాలో? కలాపె. కలా వాళ్ల పప్పు అని. కుర్చీని కలాథాయ్ అంటారు. మనల్ని తిట్టేవాళ్లు మన శనగపిండి లేకుండా ఖావ్ స్వే చేసుకోలేరమ్మా."

నిజమే. ఖావ్ స్వేకి ప్రాణం శనగపిండి. పూర్తి పేరు 'ఓన్నో ఖావ్ స్వే'. ఓన్ అంటే కొబ్బరి, నో అంటే పాలు, ఖావ్ స్వే అంటే నూడుల్స్. కోడికూర వండి, కొబ్బరిపాలు పోసి, శనగపిండి నీళ్లలో కలిపి చిక్కబరుస్తారు. మనం మజ్జిగపులుసులో కలిపినట్టే. నూడుల్స్ చైనా వైపు నుంచి వచ్చాయి, కొబ్బరిపాలు తీరప్రాంతాల అలవాటు, శనగలకు మన పేరు. ఒక గిన్నెలో ఇన్ని దేశాలు సర్దుకున్నాయి. వీధిలో మాత్రం సర్దుకోలేకపోయారు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు, మిల్లులు ఉన్న చోటే మనవాళ్లు ఉండేది. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్లకే దొరికింది. మిగిలినవాళ్లు నడక మొదలుపెట్టారు. మా తాతగారు ప్రోమ్ వరకు వెళ్లి, అక్కడి నుంచి కొండలు దాటి అరకాన్ తీరం మీదుగా చిట్టగాంగ్ చేరారు. దారిలో కలరా. నీళ్లు లేవు, తిండి లేదు. 1942 మార్చిలో రంగూన్ జపాను చేతిలో పడేనాటికీ, ఆ తర్వాతా బర్మా నుంచి ఇలా వచ్చినవాళ్లు నాలుగైదు లక్షలు. దారిలో చనిపోయినవాళ్లు వేలకు వేలు. ఆయన ఆ నడక గురించి కూతురికి ఒక్కటే చెప్పారట. నానబెట్టిన శనగలు గుప్పెడు లుంగీ కొంగులో కట్టుకుని రోజుకి ఇన్ని లెక్కపెట్టి తిన్నానని. చచ్చేవరకూ ఆయన కంచంలో ఒక్క శనగ గింజ వదిలేది కాదట.

అంత అయినా, యుద్ధం ముగిశాక 1946లో ఆయన మళ్లీ రంగం వెళ్లారు. మా పాప అడిగింది, "ఎందుకెళ్లాడు? బుద్ధి లేదా?" అని. ఊళ్లో భూమి లేదు, పని లేదు. అక్కడ తెలిసిన వీధి ఉంది, తెలిసిన పని ఉంది. ఈసారి ఒంటరిగా వెళ్లలేదు. పెళ్లి చేసుకుని భార్యను తీసుకెళ్లారు. మిల్లు మానేసి చిన్న కిరాణా కొట్టు పెట్టారు.

అత్తమ్మ వాళ్ల అమ్మకి, అంటే మా అమ్మమ్మగారికి, అప్పుడు పదిహేడేళ్లు. పల్లె దాటి ఎరగని పిల్ల. భాష రాదు. పక్కింటి బర్మా ఆవిడ గోడ మీద నుంచి చూసి చూసి ఒకరోజు పిలిచి పీట వేసిందట. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలీదు. అల్లం, వెల్లుల్లి, ఉల్లిపాయ చూపించుకుంటూ మాట్లాడుకున్నారు. అలా నేర్చుకున్నదే ఖావ్ స్వే. బదులుగా అమ్మమ్మగారు ఆవిడకి గారెలు నేర్పారు. పక్క వీధిలో గొడవైన రోజు ఆ బర్మా ఆవిడే వచ్చి వీళ్ల గుమ్మంలో కూర్చునేదని, ఆవిడని దాటి ఎవరూ లోపలికి రాలేదని అత్తమ్మ చెప్పింది. చరిత్ర పుస్తకంలో గొడవ ఉంటుంది గానీ, గుమ్మంలో కూర్చున్నావిడ ఉండదు.

ఆదివారం ఇంట్లో ఖావ్ స్వే. మిగిలిన రోజుల్లో పొద్దున్నే వీధిలో 'మొహింగా'. సన్న బియ్యపు సేమియాల మీద చేపల పులుసు పోస్తారు. అందులో అరటిదూట ముక్కలు వేస్తారు, నిమ్మగడ్డి వేస్తారు, దానికీ శనగపిండి కలుపుతారు. అరటిదూట మనకీ తెలిసిందే కదా, ఆవ పెట్టి కూర చేసుకుంటాం. మొహింగా ఎందుకు చెయ్యరు అత్తమ్మా అని అడిగితే, "అది ఇంట్లో చేసేది కాదమ్మా, బుట్ట దించుకుని కూర్చునేవాళ్ల దగ్గర తినేది. చూసేనే గానీ నేర్చుకోలేదు. రేపు తిందాంలే అనుకున్నాం. రేపు లేదు" అంది.

1962 మార్చి 2న సైన్యాధిపతి నే విన్ అధికారం లాక్కున్నాడు. 1964లో కొట్లన్నీ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. పెద్ద వ్యాపారాలతో పాటు వీధి చివర కొట్లు కూడా. తాతగారి కొట్టు తాళం చెవి ఎవరో వచ్చి తీసుకుని రసీదు ఇచ్చి వెళ్లారు. అదే ఏడాది మే నెలలో యాభై, వంద చ్యాట్ల నోట్లు చెల్లవన్నారు. మనకి 2016లో జరిగినట్టు. దాచుకున్నది కాగితం అయిపోయింది. లక్షల మంది మనవాళ్లు ఓడలెక్కి వచ్చేశారు. 1965లో వీళ్లూ ఎక్కారు. రేవులో సామాను విప్పి చూసి, నగలు ఉంచేసుకున్నారు. అమ్మమ్మగారి మెడలో పసుపుతాడు వదిలారు. అత్తమ్మకి అప్పుడు పద్నాలుగు, తమ్ముడికి అయిదు.

మద్రాసులో దిగి, అక్కడి నుంచి రైలెక్కి విశాఖ వచ్చారు. ముందు భీమిలి దగ్గర సొంత ఊరికే వెళ్లారు. అక్కడ మూడు నెలలు కూడా ఉండలేకపోయారు. ఊళ్లో వీళ్లు 'రంగం వాళ్లు'. మాట తీరు వేరు, తిండి వేరు. ఎండుచేపల ముద్ద వాసన చూసి, వీళ్లేం తింటారో అని మంచినీళ్లు కూడా తాగని చుట్టాలున్నారు. అక్కడ కలా అన్నారు, ఇక్కడ రంగం వాళ్లన్నారు. చుట్టాలొచ్చినప్పుడు "సేమ్యా కూరమ్మా" అని అత్తమ్మ ఎందుకు దాటేసేదో నాకు అప్పుడు అర్థమైంది. ఇరవై ఏడేళ్లు పట్టింది.

తర్వాత విశాఖలో బర్మా నుంచి వచ్చినవాళ్ల మధ్యకి చేరారు. కంచరపాలెం వైపు 'బర్మా క్యాంప్' అన్న పేట పేరు చాలామంది వినే ఉంటారు. బస్సులో ఆ పేరు చెప్పి టిక్కెట్టు తీసుకుంటాం గానీ ఆ పేరెందుకొచ్చిందో ఆలోచించం. బర్మా నుంచి వచ్చినవాళ్లు తలదాచుకున్న చోటు కాబట్టి బర్మా క్యాంప్.

సేమ్యా సంగతి ఇప్పుడు. అత్తమ్మ తమ్ముడు, అయిదేళ్లవాడు, వచ్చిన దగ్గర్నుంచీ సరిగ్గా తినేవాడు కాదట. అంబలి పెడితే ఉమ్మేసేవాడు. "ఖావ్ స్వే పెట్టు" అని ఒకటే ఏడుపు. 1965 విశాఖలో నూడుల్స్ ఎక్కడ దొరుకుతాయి? మ్యాగీ మన దేశానికి వచ్చిందే 1983లో. ఒకరోజు అమ్మమ్మగారు కొట్లో గోధుమ సేమ్యా పొట్లం చూశారు. ఒక పొట్లం, అరచిప్ప కొబ్బరి, గుప్పెడు శనగపిండి, రెండు గుడ్లు. కోడి కొనే స్తోమతు లేదు. చేపల సాస్ లేదు. దాని బదులు ఎండురొయ్యలు వేయించి పొడి కొట్టి వేశారు. ఉత్తరాంధ్రలో ఎండురొయ్యలకు లోటు లేదు కదా. పిల్లాడు గిన్నె నాకేశాడు. తాతగారు ఒక ముద్ద తిని, "ఇది ఖావ్ స్వే కాదు" అన్నారట. మళ్లీ ఒక ముద్ద తిని, "కానీ బాగుంది" అన్నారట. ఓడ దిగాక ఆ రోజే మొదటిసారి అమ్మ నవ్వడం చూశానని అత్తమ్మ చెప్పింది.

"నూడుల్స్ వేస్తారని నాకు తెలీదా ఏటి? పద్నాలుగేళ్లు తిన్నాను" అంది అత్తమ్మ. "మా అమ్మ చేసిందే నాకు ఖావ్ స్వే. ఆ హోటల్ది మంచిదే. అది వాళ్లది."

నేను చదివినదాన్ని బట్టి, ఇలా మార్చుకున్నది మేమొక్కళ్లమే కాదు. మద్రాసు బర్మా బజార్ దగ్గర బండ్ల మీద 'అథో' అమ్ముతారు. నూడుల్స్‌లో క్యాబేజీ, ఉల్లి, శనగపిండి, చింతపండు పులుసు వేసి చేత్తో కలిపి ఇస్తారు. బర్మాలో 'తోక్' అంటే చేత్తో కలిపింది. ఆ తోక్‌నే అక్కడికి తిరిగొచ్చిన తమిళులు అథో చేసుకున్నారు. సూరత్‌లోనూ, కరాచీలో మెమన్ల ఇళ్లలోనూ 'ఖావ్సా' ఉంది. వాళ్లు స్పెగెట్టీ మీద కొబ్బరిపాల పులుసు, మసాలా మాంసం కూర, పైన చిప్స్ నలిపి వేసుకుంటారు. తిరిగొచ్చిన ప్రతి గుంపూ చేతికందిన దానితో అదే వంట మళ్లీ కట్టుకుంది. ఒకళ్లది ఒప్పు, ఒకళ్లది తప్పు అని ఎలా అంటాం? ఏ ఊరు చేరారో, చేతిలో ఎంతుందో ఆ గిన్నె చూస్తే తెలిసిపోతుంది.

మా ఇంట్లో చేసే పద్ధతి రాస్తాను. అయిదుగురికి.

అరకిలో కోడి చిన్న ముక్కలు, పసుపు, ఉప్పు పట్టించి పక్కన పెట్టుకోవాలి. నాలుగు పెద్ద ఉల్లిపాయలు, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం ముద్దగా నూరుకోవాలి. పెద్ద కొబ్బరికాయ ఒకటి కోరి, మొదటి చిక్కటి పాలు రెండు గ్లాసులు, మళ్లీ పిండిన పల్చటి పాలు నాలుగు గ్లాసులు తీసుకోవాలి. అయిదు చెంచాల శనగపిండి ఉత్తి మూకుడులో పచ్చివాసన పోయేదాకా వేయించి, చల్లారాక నీళ్లలో ఉండలు లేకుండా కలపాలి.

గిన్నెలో ఆరు చెంచాల నూనె కాగాక ఉల్లిముద్ద వేసి సన్నటి సెగ మీద ఓపిగ్గా వేయించాలి. చెంచాన్నర కారం వెయ్యాలి. ఇక్కడ తొందరపడకూడదు. "నూనె వెనక్కి రావాలమ్మా" అని అత్తమ్మ ఎప్పుడూ అంటుంది. మా పుట్టింట్లో 'నూనె పైకి తేలాలి' అంటాం. ఆవిడ మాటే అలా అనుకునేదాన్ని. ఇప్పుడు తెలిసింది, బర్మాలో కూర ఉడికిందనడానికి 'సీబ్యాన్' అంటారట. సీ అంటే నూనె, బ్యాన్ అంటే తిరిగి రావడం. అమ్మమ్మగారు గోడ అవతలి ఆవిడ దగ్గర నేర్చుకున్న మాటని తెలుగు చేసుకుంటే, అత్తమ్మ ద్వారా నాదాకా వచ్చింది.

నూనె వెనక్కి వచ్చాక కోడి వేసి మగ్గించి, పల్చటి పాలు పోసి ఉడికించాలి. ముక్క మెత్తబడ్డాక చెంచా ఎండురొయ్యల పొడి, శనగపిండి నీళ్లు పోసి కలుపుతూ పది నిమిషాలు. చివర చిక్కటి పాలు పోసి ఒక్క పొంగు రాకముందే దించెయ్యాలి, లేకపోతే విరిగినట్టవుతుంది. గోధుమ సేమ్యా దోరగా వేయించి, ఎక్కువ నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉడికించి, వార్చి, చన్నీళ్లు పోసి, చెంచా నూనె రాసి ఉంచాలి. గుప్పెడు సేమ్యా నూనెలో కరకరలాడేలా వేయించి తియ్యాలి. గిన్నెలో సేమ్యా, మీద పులుసు, ఉడికిన గుడ్డు సగం, పచ్చి ఉల్లిచీలికలు, కొత్తిమీర, వేయించిన ఎండుమిరప తునకలు, కరకర సేమ్యా, నిమ్మరసం. అంతే.

పోయిన ఆదివారం ఇది మా పాప చేసింది. అత్తమ్మకి ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, గరిట పట్టుకోలేదు. స్టూలు వేసుకుని పొయ్యి పక్కన కూర్చుని చెబుతూ ఉంది. పాప నోటుపుస్తకంలో రాసుకుంది. రెండు మూడు సార్లు మాడబెట్టబోయింది. "నూనె వెనక్కి వచ్చిందా నానమ్మా?" అని అడిగితే ఆవిడ తొంగి చూసి, "ఇంకా రాలేదే, ఆగు" అంది.

ఆ రోజే మా ఆడపడుచు అత్తగారివైపు చుట్టాలు చెప్పకుండా వచ్చారు. నేను గబగబా గిన్నె మీద మూత పెట్టబోయాను, అలవాటు కొద్దీ. అత్తమ్మ వద్దంది. వచ్చినావిడ వాసన పట్టి, "ఏం వండుతున్నారు వదినగారూ?" అని అడిగింది.

"ఖావ్ స్వే. మా రంగం వంట. కూర్చోండి, తిని వెళ్దురుగాని" అంది అత్తమ్మ.

సేమ్యా సరిపోలేదు. పాపని ఇంకో పొట్లం కోసం కొట్టుకి పరిగెత్తించాను.